అటక మీది డిస్కు

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, అమలాపురం శివార్లలో కాలువ పక్కనున్న ఒక ట్రస్టు ఆసుపత్రికి నన్ను సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్‌గా వేశారు. ఆసుపత్రికి అనుబంధంగా ఒక నర్సింగ్ స్కూలు ఉండేది. రెండింటి రికార్డులూ ఒకే సర్వరులో ఉండేవి. హోదా చెప్పుకోవడానికి పెద్దదే కానీ నా కింద పనిచేసేవారు ఎవరూ లేరు. నా పై అధికారి స్కూలు ప్రిన్సిపల్ గారు. ఆవిడకు కంప్యూటర్లంటే గౌరవం ఎక్కువ, వాటి గురించి వినే ఓపిక తక్కువ. మా ఇల్లు రాజోలులో. రోజూ బస్సులో వచ్చి వెళ్లేదాన్ని.

సిస్టమ్స్ పని అంటే చాలామంది కొత్తవి పెట్టడం అనుకుంటారు. నిజానికి అందులో పెద్ద భాగం ఉన్నవాటిని పోకుండా చూడడం. వంటింట్లో గ్యాసు బండ లాంటిదది. ఉన్నంత కాలం దాని మాట ఎవరూ ఎత్తరు. అయిపోయిన రోజు ఇంటిల్లిపాదికీ అదే మాట. నేను అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ పనే చేస్తున్నాను. చాలా బాగా చేస్తానని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఈ కథ ఆ నమ్మకం గురించే.

స్కూలు రికార్డులు చూసేది సత్యానందం గారు. రికార్డు అసిస్టెంటుగా ముప్పై ఏళ్ల సర్వీసు, ఉప్పలగుప్తం దగ్గర సొంతూరు, వాళ్ల చర్చిలో సంఘ పెద్ద. సన్నగా ఉండేవారు. భుజం మీద తువ్వాలు లేకుండా నేనాయన్ని ఒక్కరోజూ చూడలేదు. పాత విద్యార్థుల సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు, సంతకాల పుస్తకాలు ఆయనే స్కాన్ చేసి సర్వరులో పెట్టేవారు. స్కాన్ చేసిన ప్రతిదాన్నీ ఒక పొడుగు పుస్తకంలో వరస నంబరు, పేరు, పేజీలు, వ్యాఖ్య అని గళ్లు గీసుకుని చేత్తో రాసుకునేవారు. కంప్యూటరే జాబితా ఇస్తుంది, ఈ రాతకోతలు ఎందుకండీ అని నేనొకసారి అన్నాను. "ఆయ్, అలవాటండి," అన్నారు. మానలేదు.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. అది ఆయన ఒక్కరిది కాదు, ఆ ప్రాంతంలో కాగితాలతో బతికే అందరిదీ. గోదావరికి వరద హెచ్చరిక రాగానే ముఖ్యమైన రిజిస్టర్లు మూటలు కట్టి ఎత్తు మీదికి చేరుస్తారు. మా దగ్గర ఆ ఎత్తు ఆసుపత్రి పాత భవనంలోని చెక్క అటక. రికార్డుల గదికి వంద గజాల దూరం. ఆయన సర్వీసులో రికార్డుల గదిలోకి రెండుసార్లు నీళ్లొచ్చాయట, రెండుసార్లూ ఒక్క కాగితం తడవలేదట. నీళ్లు తీశాక రోజూ వాడే రిజిస్టర్లు దించుతారు. మిగిలిన మూటలు మాత్రం దసరా వెళ్లేదాకా దించరు, మళ్లీ ఎప్పుడు వరదొస్తుందో తెలియదు కనుక.

నేను చేరగానే, రికార్డుల గది పక్క గదిలో ఉన్న సర్వరును నా పద్ధతిలో సర్దాను. రెండు డిస్కుల్ని కలిపి ఒకే నిల్వగా చూపించి, అందులోంచి కావలసినంత భాగం విడదీసి ఇచ్చే ఏర్పాటు ఒకటుంది. ఆ భాగాన్ని లాజికల్ వాల్యూమ్ అంటారు. దాన్ని మిర్రర్ చేస్తే, రాసిన ప్రతిదీ రెండు డిస్కుల మీదా ఒకేసారి పడుతుంది. ఒకటి పాడైతే రెండోది పని ఆగకుండా నడిపిస్తుంది. పాడైనదాన్ని మార్చి కొత్తది పెడితే, పనిచేస్తున్నదాన్ని చూసి కొత్తదాన్ని మొదటి నుంచి చివరిదాకా నింపుతుంది. దీన్ని రీబిల్డ్ అంటారు. మిర్రరు తప్పును కూడా అంతే శ్రద్ధగా రెండు చోట్లా రాస్తుంది. పొరపాటున ఒక ఫైలు చెరిపేస్తే అది రెండింట్లోనూ ఉండదు. అందుకే మిర్రరును బ్యాకప్ కింద లెక్కించకూడదు.

ఇదంతా సత్యానందం గారికి చెప్పలేదు. ఆయన అడిగిన రోజు నాకు బస్సు టైమైంది. రెండు డిస్కులండీ, రెండింట్లోనూ ఒకటే ఉంటుంది, ఒకటి పోయినా రెండోది ఉంటుంది అని చెప్పాను. "ఆయ్. అంటే అసలూ, నకలూ అన్నమాటండి," అన్నారాయన. దాదాపు అంతే అని సంచీ భుజానికి తగిలించుకున్నాను. పప్పులో కాలేసింది అక్కడే. అప్పుడు తెలియలేదు.

అసలు బ్యాకప్ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు జరిగేది. దానికి స్నాప్‌షాట్ అనే పద్ధతి వాడేదాన్ని. నకలు తీస్తుండగా జనం పనిచేస్తూనే ఉంటే సగం ఫైళ్లు పాతవీ, సగం కొత్తవీ అయి నకలు కలగాపులగం అవుతుంది. స్నాప్‌షాట్ ఆ క్షణంలో వాల్యూమ్ ఎలా ఉందో అలా నిలిపి చూపిస్తుంది. అది నిజంగా దేన్నీ కాపీ చేయదు. ఆ తర్వాత ఎక్కడైనా కొత్త రాత పడబోతే, అక్కడున్న పాతదాన్ని ముందు విడిగా కేటాయించిన చోటికి తీసిపెట్టి, అప్పుడు కొత్తదాన్ని రానిస్తుంది, అంతే. నేను ఆ నిలిపిన రూపాన్ని చూసి ఒక బయటి డిస్కుకు నకలు తీసి, స్నాప్‌షాట్‌ను తీసేసేదాన్ని. కేటాయించిన చోటు నిండిపోతే మాత్రం స్నాప్‌షాట్ మొత్తం చెల్లకుండా పోతుంది. నేను ఐదు జీబీ కేటాయించాను. జూన్‌లో రోజుకు పది పదిహేను కాగితాలు స్కాన్ అయ్యేవి, వాటికి అది చాలా ఎక్కువ.

బయటి డిస్కులో చోటు తక్కువ కావడంతో ప్రతి శనివారం నకలూ కిందటి శనివారం నకలు మీదే రాసేదాన్ని. ఆ డిస్కును సర్వరు పక్కనున్న బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంటికి తీసుకెళ్లేదాన్ని. దాన్ని అటక మీద పెడదామా అని సత్యానందం గారు ఒకసారి అడిగారు. రోగుల వివరాలున్న డిస్కు అలా ఎక్కడపడితే అక్కడ ఉండకూడదు, నిబంధన ఒప్పుకోదు అన్నాను. నిబంధన నిజమే. అయితే ఆ మాట అనడంలో కొంత పెద్దరికం కూడా ఉంది.

ఆగస్టులో గోదావరి పొంగింది. మంగళవారం ఉదయం ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. రాజోలు నుంచి వచ్చే రోడ్డు మీదికి నీళ్లు రావడంతో నేను ఆరు రోజులు ఇంట్లోనే ఉండిపోయాను. సర్వరును ఎలా ఆపాలో, మళ్లీ ఎలా నడపాలో సత్యానందం గారికి ముందే నేర్పి ఉంచాను. ఫోన్ చేసి ఆపమన్నాను. ఆపేశామన్నారు. ఆ శనివారం బ్యాకప్ జరగలేదు. సోమవారం నేను వెళ్లేసరికి రికార్డుల గది గుమ్మం దాకా వచ్చిన నీళ్లు వెనక్కి తీశాయి, కరెంటు వచ్చింది, సర్వరు నడుస్తోంది. "అన్నీ జాగ్రత్త చేసేనండి మేడమ్ గారూ," అన్నారు సత్యానందం గారు. మంచిదండీ అన్నాను. ఏమేం జాగ్రత్త చేశారని అడగలేదు.

కరెంటు వచ్చీపోతూ ఉండడంతో యూపీఎస్ పంపిన హెచ్చరికలు నా మెయిలులో కుప్పలుగా పడి ఉన్నాయి. చదవడానికి విసుగేసి, అన్నీ ఒకటేనని, మొత్తం ఎంచుకుని ఒక్క దెబ్బకు తీసేశాను. వాటి మధ్య ఒకటి యూపీఎస్‌ది కాదని తర్వాత తెలిసింది.

ఆ మరుసటి రోజు నుంచి, గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామాల వాళ్లు రావడం మొదలుపెట్టారు. ఇళ్లు మునిగి, పెట్టెల్లో ఉన్న సర్టిఫికెట్లు తడిసిపోయాయి. ఆరబెట్టి స్కాన్ చేసి పెట్టండని అడిగేవారు. సత్యానందం గారు పేజీలను న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, వేలితో కాకుండా పోస్టుకార్డు అంచుతో విడదీసి స్కాన్ చేసేవారు. ప్రతి పేజీనీ రంగుల్లో, ఎక్కువ స్పష్టతతో తీసేవారు. ఒక్కో పుస్తకం మామూలు రోజుల్లో వారం పనంత చోటు తినేది.

అలా వచ్చినవారిలో సునీత ఒకరు. ముమ్మిడివరం దగ్గరి లంక. మా స్కూల్లోనే చదివి, మా ఆసుపత్రిలోనే నాలుగేళ్లు స్టాఫ్ నర్సుగా చేసిన అమ్మాయి. గల్ఫ్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైంది. వాళ్లు అడిగిన కాగితాల్లో ముఖ్యమైనది ప్రసూతి కేసుల పుస్తకం. శిక్షణలో ఉన్నప్పుడు విద్యార్థిని తన చేతుల మీదుగా చేసిన ఇరవై కాన్పుల వివరాలు అందులో ఉంటాయి. కాన్పుకో పేజీ, పేజీకో సంతకం. ఆ పుస్తకం ఒక్కటే ప్రతి ఉంటుంది, అది విద్యార్థిని దగ్గరే ఉంటుంది. ఆసుపత్రి కాన్పుల రిజిస్టరులో డాక్టరు పేరు, సిస్టర్ పేరు రాస్తారు తప్ప విద్యార్థిని పేరు రాయరు. సునీత పుస్తకం రెండు రోజులు నీళ్లలో ఉంది. స్కాన్ అయిన మర్నాటికి సిరా మొత్తం పాకిపోయి, ఏ పేజీలో ఏముందో చదవరాకుండా అయింది. స్కాన్ సర్వరులో ఉంది, రెండు డిస్కుల మీద ఉంది, దిగులు పడకమ్మా అని సత్యానందం గారు ఆమెకు చెప్పారు. ఆయన చెప్పింది నా మాటే.

ఆ శనివారం బ్యాకప్ నడిచింది. ఒంటిగంటకు స్నాప్‌షాట్ మొదలైంది, పక్క గదిలో స్కానింగ్ కూడా సాగుతోంది. కొత్త ఫైళ్లు ఖాళీ చోట్లోనే పడతాయి కదా, స్నాప్‌షాట్‌కు భారం ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ స్నాప్‌షాట్ పనిచేసేది ఫైళ్లకు కిందనున్న నిల్వ పొరలో, దానికి ఏది ఖాళీయో తెలియదు. ఖాళీ చోటు మీద రాసినా అక్కడి పాతదాన్ని తీసిపెడుతుంది. రెండు గంటల్లో ఐదు జీబీ నిండిపోయింది, స్నాప్‌షాట్ చెల్లకుండా పోయింది, నకలు మధ్యలో ఆగిపోయింది. అది కిందటి మంచి నకలు మీద రాస్తూ ఆగిపోయింది. నకలు పని దానంతటదే నడిచేలా నేను రాసుకున్న స్క్రిప్టు చివర మాత్రం, ఏం జరిగినా సరే, "బ్యాకప్ ముగిసింది" అని చూపించేది. నేను ఆ చివరి వాక్యం చూసి బస్సెక్కాను.

తర్వాతి గురువారం ఉదయం, కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చాక, సర్వరులోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. డిస్కు లోపల రాతను చదివే తల పట్టు తప్పుతున్నప్పుడు వచ్చే చప్పుడది, ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. రాతలు ఆగిపోయాయి, చదవడం మాత్రం నెమ్మదిగా సాగుతోంది. నేనేమీ కంగారు పడలేదు. మిర్రరు ఉంది కదా అని, ఏ డిస్కు మొరాయిస్తోందో చూడడానికి సర్వరు ముందున్న తలుపు తెరిచాను. రెండు అరల్లో ఒకటి ఖాళీగా ఉంది.

కాసేపు దొంగతనం అనుకున్నాను. సత్యానందం గారిని పిలిచి అడిగితే ఏమాత్రం తడుముకోకుండా చెప్పారు.

"ఆయ్, అటక మీద ఉందండి. తువ్వాల్లో చుట్టి రేకు పెట్టిలో పెట్టేను."

"ఎందుకు తీశారండీ?"

"మీరే చెప్పేరు గదండీ, రెండింట్లోనూ ఒకటే ఉంటదని. రెండూ ఒక్క చోట ఉంటే ములిగినప్పుడు రెండూ ములుగుతాయి గదండీ. బీరువాలోది తీద్దామంటే తాళంచెవి మీ దగ్గరుండిపోయింది. ఇది పిడి లాగితే వచ్చేసిందండి. దసరా వెళ్లేక దింపుదామనుకున్నాను."

నాకు చెప్పలేదేమని అడగబోయి ఆగాను. చెప్పారు. అన్నీ జాగ్రత్త చేశానన్నారు. నేను మంచిదండీ అన్నాను. ఒక డిస్కు లేదని సర్వరు కూడా చెప్పింది, మెయిలులో. దాన్ని నేను చదవకుండా చెరిపేశాను. ఒక డిస్కు లేకపోయినా ఆగకుండా నడవడం మిర్రరు పని కనుక అది పది రోజులకు పైగా ఒంటి డిస్కుతో నడిచింది.

బీరువా తెరిచి బయటి డిస్కు చూశాను. సగం నకలు, అది తెరుచుకోలేదు. అప్పుడు లెక్క తేలింది. వరదకు ముందున్న పదమూడేళ్ల రికార్డులు చెడకుండా ఉన్నది సత్యానందం గారి రేకు పెట్టెలో ఒక్కచోటే. వరద తర్వాత స్కాన్ చేసినవన్నీ ఉన్నది చచ్చిపోతున్న డిస్కులో ఒక్కచోటే. నా బ్యాకప్ దేనికీ అక్కరకు రాలేదు.

సర్వరు అమ్మినవాళ్ల ఇంజనీరుకు ఫోన్ చేశాను. విషయం సగం వినగానే, రెండో డిస్కు అరలో పెట్టండి మేడమ్, రీబిల్డ్ అదే అయిపోతుంది అన్నాడు. స్పీకరులో ఆ మాట విన్న సత్యానందం గారు నేనింకా ఫోనులో మాట్లాడుతుండగానే పాత భవనం దాకా వెళ్లి, ఆ వయసులో పరుగున డిస్కు తెచ్చి, తువ్వాలు విప్పి, అరలోకి తోయబోయారు. నేను గట్టిగా అరిచాను. ఆయన మీద నేను గొంతు పెంచింది ఆ ఒక్కసారే. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముఖం చిన్నబోయింది.

అరిచిన కారణం ఆయనకు అప్పుడు చెప్పాను, జూన్‌లో చెప్పవలసిన మాటలు. మిర్రరుకు పాతదీ కొత్తదీ అన్న ఆలోచన ఉండదండీ. ఇప్పుడు నడుస్తున్న డిస్కే దానికి ప్రమాణం. రెండోది పెట్టి రీబిల్డ్ చేయమంటే, మీరు దాచినదాన్ని మొదటి నుంచి తుడిచేస్తూ దీన్ని చూసి నింపుతుంది. సగంలో ఇది చచ్చిపోతే ఇటు ఇదీ ఉండదు, అటు అదీ ఉండదు. ఆయన డిస్కును మళ్లీ తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమంతా కింద పెట్టలేదు.

సునీత అప్పటికే వరండాలో బెంచీ మీద ఉంది. స్కాన్ ప్రింటు మీద ప్రిన్సిపల్ గారి ధ్రువీకరణ సంతకం చేయించుకోవడానికి వచ్చింది. మర్నాడు శుక్రవారం కాగితాలు గల్ఫ్‌కు పంపే ఏజెన్సీకి చేరకపోతే ఆ బ్యాచ్‌లో ఆమె పేరు ఉండదు. విషయం నేనే వెళ్లి చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇల్లు ములిగితే గోదారిది తప్పనుకున్నానండి," అంది. "ఇక్కడ కూడా పోయిందంటే ఎవరిదనుకోవాలండి మేడమ్ గారూ?"

నాది అన్నాను.

చచ్చిపోతున్న డిస్కు విషయంలో పుస్తకాల్లో ఉన్న పద్ధతి, ఫైళ్ల జోలికి పోకుండా ముందు డిస్కు మొత్తాన్ని వేరే డిస్కు మీదికి దించుకోవడం. దానికి పది గంటలు పడుతుంది. ఆ చప్పుడు విన్నాక అది పది గంటలు ఉంటుందని నేను నమ్మలేదు. పాతవన్నీ సత్యానందం గారి ఒళ్లో ఉన్నాయి కనుక కొత్తవి తీసుకుంటే చాలు. వాటిలోనూ ఏవి ముందు? సర్వరు ఇచ్చే జాబితాలో ఫైలు పేరు, తేదీ, సైజు ఉంటాయి. ఎవరి అసలు కాగితం బతికుంది, ఎవరిది పోయింది అన్నది ఉండదు. అది సత్యానందం గారి పొడుగు పుస్తకంలో ఉంది. వ్యాఖ్య గడిలో ఆయన కొన్నింటికి ఎదురుగా "అసలు పోయింది" అని ఎర్ర సిరాతో రాసుకున్నారు. వద్దని నేను చెప్పిన పుస్తకం.

అలాంటివి పదకొండు ఉన్నాయి. ముందు ఎవరిదండీ అని అడిగాను. "అదేంటండీ, సునీతది. రేపే గదండీ ఆ అమ్మాయికి," అన్నారు.

రాతలు పూర్తిగా నిషేధించి, చదవడానికి మాత్రమే వాల్యూమ్‌ను తెరిచి, ఒక్కో పేజీ బయటికి తీయడం మొదలుపెట్టాను. మొదటి పేజీకి రెండు నిమిషాలు పట్టింది. పేజీ వచ్చినప్పుడల్లా సత్యానందం గారు తెర మీద చూసి, పుస్తకంలో టిక్కు పెట్టి, వరండాలోకి వినిపించేలా అంకె చెప్పేవారు. పదహారు దాకా అలా వచ్చాయి. పదిహేడో పేజీ దగ్గర డిస్కు టిక్కు టిక్కుమంటూ ఆగింది. నాలుగుసార్లు ప్రయత్నించాను. రాలేదు. పద్దెనిమిదీ రాలేదు. ఇంకా పట్టుబడితే తక్కినవి కూడా పోతాయని వాటిని వదిలేసి ముందుకు వెళ్లాను. పంతొమ్మిది వచ్చింది. ఇరవై వచ్చింది. సత్యానందం గారు పదిహేడు, పద్దెనిమిది అంకెలు పైకి చెప్పలేదు. బయట బెంచీ మీద ఆమె లెక్కపెట్టుకుంటూనే ఉంది.

మిగిలిన పదిమందిలో ఎనిమిది మందివి పూర్తిగా వచ్చాయి. తక్కిన ఇద్దరివీ రాలేదు, అవి మండలాఫీసులో మళ్లీ తీయించుకోగలిగిన కాగితాలు. మధ్యాహ్నం మూడింటికి డిస్కు పూర్తిగా ఆగిపోయింది. తర్వాత హైదరాబాదులో డేటా రికవరీ వాళ్లకు పంపాం. లోపలి పళ్లెం గీసుకుపోయింది, ఇక ఏమీ రాదని రాసి తిప్పి పంపారు.

ఆ సాయంత్రం ప్రిన్సిపల్ గారి గదిలో లేబర్ వార్డు సిస్టర్ ఒక మాట అంది. సునీత ఇరవై కాన్పులూ చేసిందని మాకందరికీ తెలుసు, ఆ రెండు పేజీలూ కొత్తగా రాయించి నేను సంతకం పెట్టేస్తాను, పాపం పిల్ల ఆగిపోకూడదు అని. మంచి మనసుతో అన్న మాటే. నేను వద్దనలేదు. ఒప్పుకుంటే నా తప్పు కూడా ఆ రెండు పేజీల కింద కప్పబడిపోతుందని నాకు తోచింది. ఆ ఆశ కలిగినందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

వద్దన్నది సత్యానందం గారు. "పోయిన కాగితానికి నకలు రాయొచ్చండి. ఏ తల్లి కాన్పో, ఏ రోజో, పిల్ల బరువెంతో ఎవరికీ గుర్తులేదు గదండీ. అదంతా ఊహించి రాస్తే అది నకలు కాదండి." సునీత కూడా తల అడ్డంగా ఊపింది. అక్కడ పట్టుకుంటే ఉద్యోగమే కాదు, లైసెన్సూ పోతుంది, నేను మళ్లీ చేస్తానండి అంది.

ప్రిన్సిపల్ గారు అనుమతి రాసిచ్చారు. సునీత ఆ రాత్రి ఊరికి వెళ్లకుండా హాస్టల్లో ఉండి, మర్నాటి నుంచి విద్యార్థినుల పక్కన లేబర్ వార్డులో నిలబడింది. నాలుగేళ్ల అనుభవం ఉన్న స్టాఫ్ నర్సు, సిస్టర్ పర్యవేక్షణలో, శిక్షణ పుస్తకం కోసం. కాన్పులు మన అవసరం చూసి రావు. ఆపరేషన్లు లెక్కలోకి రావు, విద్యార్థినుల వంతులు తప్పించకూడదు. మొదటిది ఐదో రోజున, రెండోది తొమ్మిదో రోజున దొరికాయి. శుక్రవారం బ్యాచ్ వెళ్లిపోయింది. ఆమె మూడు నెలలు ఆగి తర్వాతి బ్యాచ్‌తో వెళ్లింది.

నివేదిక నేను రాశాను. రికార్డు అసిస్టెంటు అనుమతి లేకుండా డిస్కు తీసినందుకు సంజాయిషీ అడగాలని ప్రిన్సిపల్ గారు అప్పటికే మెమో టైపు చేయించి ఉంచారు. ఆయనకు సర్వీసు ఏడాదిన్నర మిగిలి ఉంది. నివేదికలో జరిగినవి వరసగా రాశాను: చాలని స్నాప్‌షాట్ చోటు, ఒకే నకలు మీద మళ్లీ రాయడం, ఫలితం చూడని స్క్రిప్టు, చదవకుండా చెరిపేసిన హెచ్చరిక, సర్వరు గదిలోనే పెట్టిన బ్యాకప్. అన్నీ నావే. డిస్కు తీయడం తప్పే, కానీ ఒక ప్రతి వేరే భవనంలో ఉండాలన్న ఆలోచన మొత్తం సంస్థలో ఆయనకు ఒక్కరికే వచ్చిందని, పదమూడేళ్ల రికార్డులు దానివల్లే మిగిలాయని కూడా రాశాను. ఆవిడ రెండుసార్లు చదివి మెమో చింపేశారు. నాకు వేరే మెమో వచ్చింది. దానికి జవాబు రాయడం కష్టం కాలేదు, నివేదికనే జతచేశాను.

పద్ధతి మార్చాం. స్నాప్‌షాట్ చోటు పెంచాను, అది ఎంత నిండిందో చూసి, చెల్లకపోతే నకలును పారేసేలా స్క్రిప్టు తిరగరాశాను. బయటి డిస్కులు రెండయ్యాయి. రహస్యలిపిలోకి మార్చిన నకలుతో ఒకటి ప్రతి శనివారం అటక మీదికి వెళ్లేది. అటక తాళమూ, బీరువా రెండో తాళంచెవీ సత్యానందం గారి దగ్గర. మిర్రరు అరల మీద మాత్రం "తియ్యరాదు" అని చీటీ అంటించాను. ఆయన దాన్ని చదివి, "ఆయ్," అని నవ్వారు.

సునీత వెళ్లే ముందు రోజు కనిపించి వెళదామని వచ్చింది. నేనూ, సత్యానందం గారూ సర్వరు గదిలో ఉన్నాం. నా పుస్తకం ఇప్పుడు ఎన్ని చోట్ల ఉందండీ అని అడిగింది. మూడు చోట్ల అన్నాను. ఆమె కదల్లేదు. చూపించమని అడుగుతోందని నాకు కాసేపటికి అర్థమైంది. సర్వరులో తెరిచి ఇరవై పేజీలూ చూపించాను. బీరువాలో డిస్కు పెట్టి చూపించాను. తర్వాత సత్యానందం గారు పాత భవనంలో నిచ్చెన వేసి పెట్టె దించి తెచ్చారు, అందులోది కూడా తెరిచి చూపించాను. మూడో చోట పదిహేడో పేజీ, పద్దెనిమిదో పేజీ వచ్చేదాకా ఆమె కూర్చుంది. వాటి మీద తేదీలు మిగిలిన పేజీలకు నాలుగేళ్లు దూరంగా ఉన్నాయి.

అంతకుముందు ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నేను నా బ్యాకప్‌ను అలా తెరిచి చూడలేదు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ప్రతి శనివారం సర్వరు తలుపు తెరిచి రెండు డిస్కుల మీద వెలిగే రెండు దీపాలూ వేలితో లెక్కపెట్టి, నకలులోంచి ఏదో ఒక పుస్తకం తెరిచి చివరి పేజీ దాకా చూసి బస్సెక్కేదాన్ని. రెండు బస్సులు తప్పిపోయేవి.

ఇరవై పేజీల్లో పద్దెనిమిది దొరికితే మా వృత్తిలో తొంభై శాతం రికవరీ అంటారు. అది మంచి ఫలితం. నివేదికలో నేనూ అలాగే రాశాను. మిగిలిన పది శాతం కోసం సునీత తొమ్మిది రోజులు లేబర్ వార్డులో నిలబడింది.